బాల్లా కాన్వాస్‌కు రెండు వైపులు: ‘రోమ్‌పై కవాతు’ చుట్టూ అపోహలు - వాస్తవాలు

ఇటలీలోని తూరిన్‌లో లింగోట్టో అనే పాత కార్ల ఫ్యాక్టరీ ఉంది. ఫియట్ వాళ్లు 1923లో ప్రారంభించినప్పుడు దాని పైకప్పు మీదే కార్లను పరుగెత్తించి చూసే ట్రాక్ కట్టారు. ఉత్పత్తి 1982లో ఆగిపోయింది. తర్వాత వాస్తుశిల్పి రెన్‌జో పియానో ఆ భవనానికి కొత్త రూపమిచ్చాడు. కప్పు మీద ఆయన కట్టిన చిన్న చిత్రశాలను 2002లో తెరిచారు. దాని పేరు పినకొటెకా అన్యెల్లి. ఇటాలియన్ చిత్రకారుడు జాకొమో బాల్లా 1913లో వేసిన ‘అమూర్త వేగం’ అక్కడే ఉంది. సుమారు 2.6 మీటర్ల ఎత్తు, 3.3 మీటర్ల వెడల్పు. దూసుకుపోతున్న కారును చక్రాలుగా, గాలి చీలికలుగా, కాంతి గీతలుగా విడగొట్టిన బొమ్మ అది.

ఆ కాన్వాస్ వెనక అదే చిత్రకారుడు 1931-33 మధ్య ఇంకో బొమ్మ వేశాడు. దాని పేరు ‘రోమ్‌పై కవాతు’. 1922లో ఫాసిస్టులు ఇటలీలో అధికారంలోకి వచ్చిన ఘటనను అలా పిలుస్తారు. ఫాసిస్టుల నాయకుడు ముసోలినీ మన వైపు నడిచి వస్తుంటాడు. ఆయనతో పాటు ఫాసిస్టు ఉద్యమంలోని నలుగురు ముఖ్యులు, వాళ్ల వెనక నల్లచొక్కాలు వేసుకున్న ఫాసిస్టుల దండు.

పాత తైలవర్ణ చిత్రాలను బాగుచేసి కాపాడటం నా వృత్తి. ఈ పనిలో ఉన్నవాళ్లం బొమ్మ చేతికి రాగానే ముందు దాన్ని తిప్పి వెనక వైపు చూస్తాం. అందుకే ఈ కాన్వాస్ అంటే నాకు మొదటి నుంచీ ఆసక్తి. కళాచరిత్ర చదివే పిల్లలతో మాట్లాడినప్పుడల్లా దీని గురించి ఏవేవో మాటలు వింటుంటాను. వాటిలో తరచుగా వినబడేవి ఇక్కడ తీసుకున్నాను.

అపోహ: జరిగింది జరిగినట్టు వేశాడు. ముసోలినీ ముందు నడిచి రోమ్‌ను పట్టుకున్నాడు కదా!

రోమ్ మీదికి కవాతు అనగానే మనకు పాదయాత్ర కళ్లముందు మెదులుతుంది. నాయకుడు ముందు, జనం వెనక. ఈ బొమ్మ చూపించేదీ అదే. జరిగింది మాత్రం వేరు.

1922 అక్టోబర్ 24న నేపుల్స్‌లో ఫాసిస్టుల పెద్ద సభ జరిగింది. అక్కడే ముహూర్తం ఖాయమైంది. ఉద్యమాన్ని నడిపే బాధ్యతను నలుగురికి అప్పగించారు: మికెలె బియాంకి, ఎమీలియో దె బోనో, చెజారె మరీయా దె వెక్కి, ఇతాలో బాల్బో. వాళ్ల కార్యాలయం పెరూజాలోని బ్రుఫానీ హోటల్. దె వెక్కి మాత్రం ఆ కీలకమైన గంటల్లో రోమ్‌లో రాయబారాలు నడుపుతున్నాడు. మరి ముసోలినీ? మిలాన్‌లో ఉన్నాడు. స్విట్జర్లాండ్ సరిహద్దు అక్కడికి దగ్గర. బెడిసికొడితే తప్పుకోవడానికే అక్కడ ఉన్నాడని ఆయన వ్యతిరేకులు తర్వాత చాలాసార్లు ఎత్తిపొడిచారు.

నల్లచొక్కాల దండు రోమ్ చుట్టుపక్కల మొంతెరొతొందో, తీవొలి, సాంతా మరినెల్లా దగ్గర చేరింది. జోరున వాన. తిండి చాలలేదు, చాలామంది చేతుల్లో సరైన ఆయుధాలు లేవు. సైన్యం చీవితవెక్కియా, ఓర్తె వంటి చోట్ల పట్టాలు తొలగించి రైళ్లను ఆపేసింది. నగరాన్ని కాపాడటానికి జనరల్ పుల్యేసె కింద తగినంత సైన్యం సిద్ధంగా ఉంది. 28వ తేదీ తెల్లవారుజామున ప్రధాని లుయీజి ఫాక్తా మంత్రివర్గం అత్యవసర పరిస్థితి విధించాలని నిర్ణయించింది. గోడలకు పోస్టర్లు కూడా అంటించారు. ఉదయం రాజు విక్టర్ ఇమ్మాన్యుయెల్ 3 దానిపై సంతకం పెట్టనన్నాడు. మొత్తం కథ తిరిగింది అక్కడే. ఫాక్తా రాజీనామా చేశాడు. ఒకటి రెండు మంతనాల తర్వాత రాజభవనం నుంచి ముసోలినీకి పిలుపు వెళ్లింది.

29వ తేదీ రాత్రి మిలాన్‌లో ఆయన రైలెక్కాడు. పడక సౌకర్యమున్న బోగీలో ప్రయాణించి 30వ తేదీ ఉదయం పదకొండు కావస్తుండగా రోమ్‌లో దిగాడు. ఆ రోజే ప్రధాని అయ్యాడు. అప్పటికి ఆయన వయసు 39. నల్లచొక్కాల దండును నగరంలోకి రానిచ్చింది ఆ తర్వాతే. 31న రాజభవనం ముందు గంటల తరబడి ఊరేగింపు జరిగింది, అది ముగియగానే ప్రత్యేక రైళ్లలో అందరినీ ఇళ్లకు సాగనంపారు. కార్మికులుండే సాన్ లొరెంజో వాడలో ఘర్షణలు జరిగి మనుషులు చనిపోయారు. బాల్లా బొమ్మలో వాన లేదు, రైలు లేదు, రాజు లేడు, సాన్ లొరెంజో లేదు.

తర్వాత పార్లమెంటు విశ్వాస తీర్మానంలో ముసోలినీకి 306 ఓట్లు వచ్చాయి, వ్యతిరేకంగా 116. ఆ సభలో ఫాసిస్టు సభ్యులు 35 మందే. మిగతా ఓట్లన్నీ ఉదారవాదులవి, క్యాథలిక్ పార్టీవి, ఇంకా అలాంటి మర్యాదస్తులవి. రోమ్‌ను ఎవరూ ముట్టడించి పట్టుకోలేదు. సంతకం పెట్టడానికి ఒకడు నిరాకరించాడు, మిగతావాళ్లు ఓట్లేశారు. దాన్ని బొమ్మగా వేయాలంటే కుర్చీలూ కాగితాలూ వేయాలి. అది గోడకెక్కే బొమ్మ కాదు మరి.

అపోహ: అయితే ఇది అబద్ధపు బొమ్మ. చరిత్రకు పనికిరాదు.

ఇదీ తప్పే, కాకపోతే చదువుకున్నవాళ్లు చేసే తప్పు. 1922 గురించి ఈ కాన్వాస్ నమ్మదగ్గ సాక్షి కాదు. 1931-33 గురించి మాత్రం చాలా మంచి సాక్షి. రాజకీయ ఘటనల బొమ్మలన్నిటికీ నేను ఇదే వరుస పాటిస్తాను: ముందు బొమ్మ వేసిన ఏడాది చూడాలి, ఆ తర్వాతే అందులో ఉన్న ఏడాది.

ఆ మధ్యకాలంలో ఏం జరిగిందో చూడండి. అక్టోబర్ 28 జాతీయ పండుగ అయింది. ఏళ్ల లెక్క కూడా అక్కడి నుంచే మొదలైంది. ఉగాదికి మనకు కొత్త సంవత్సరం పేరు మారినట్టు, ఇటలీలో ఏటా అక్టోబర్ చివర ‘ఫాసిస్టు శకం’లో ఒక అంకె పెరిగేది. 1927 నుంచి ప్రభుత్వ పత్రాల మీద మామూలు తేదీ పక్కన ఆ అంకెను రోమన్ సంఖ్యల్లో వేయడం తప్పనిసరి చేశారు. అప్పటి ఇటాలియన్ బొమ్మల వెనక, ప్రదర్శనల చీటీల మీద ఈ అంకెలు ఇప్పటికీ కనబడతాయి. మాకు అవి కాలనిర్ణయానికి పనికొస్తాయి, అయితే కొంచెం జాగ్రత్తగా ఉండాలి. పదో ఏడు అంటే 1931 అక్టోబర్ చివరి నుంచి 1932 అక్టోబర్ చివరి దాకా. దాన్ని గుడ్డిగా 1932 అని రాసేసిన జాబితాలు బోలెడు.

ఆ పదో ఏడు ముగిసేనాటికి, 1932 అక్టోబర్ 28న, రోమ్‌లోని పలాత్సో దెల్లె ఎస్పొజిత్సియోనిలో ఫాసిస్టు విప్లవ ప్రదర్శన తెరిచారు. పాత భవనం ముఖాన్ని కప్పేసి, ఫాసిస్టుల చిహ్నమైన కడ్డీల కట్టలను లోహంతో 25 మీటర్ల ఎత్తున నాలుగు నిలబెట్టారు. ఆ ముఖభాగం అదాల్‌బెర్తో లీబెరా, మారియో దె రెన్‌జి అనే ఇద్దరు యువ వాస్తుశిల్పుల పని. లోపల 1922 గదిని జూజెప్పె తెరాన్యి రూపొందించాడు. రోమ్ కవాతు గది చిత్రకారుడు మారియో సిరోనిది. చూడటానికి వచ్చేవాళ్లకు రైలు టికెట్లలో పెద్ద రాయితీ ఇచ్చారు. ప్రదర్శన 1934 దాకా నడిచింది, దాదాపు 40 లక్షల మంది చూశారు. సైన్యం దారివ్వడం వల్ల, రాజు తలొగ్గడం వల్ల వచ్చిన అధికారం ‘విప్లవం’గా మారింది ఇలాంటి గదుల్లోనే. బాల్లా కుంచె పట్టింది సరిగ్గా ఆ వాతావరణంలో.

ఇంకో సంగతి. ఆ నలుగురిలో బియాంకి 1930 ఫిబ్రవరిలోనే చనిపోయాడు. అంటే బొమ్మ వేసేనాటికి అందులో నడుస్తున్న ఒక మనిషి లేడు. బాల్బో అప్పటికి విమానయాన మంత్రి, సముద్రాలు దాటే విమాన దళాలను నడిపి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నవాడు. బొమ్మలో మాత్రం అందరూ 1922 వయసులోనే ఆగిపోయి ఉంటారు. ఇది వార్తాచిత్రం కాదు, పదేళ్ల పండుగ నాటి జ్ఞాపకపు పటం. తర్వాత ఆ నలుగురిలో మిగిలినవాళ్లకు ఏమైందో తెలిస్తే బొమ్మ ఇంకోలా కనిపిస్తుంది. బాల్బో విమానాన్ని 1940 జూన్‌లో లిబియాలోని తొబ్రుక్ మీద ఇటాలియన్ ఫిరంగులే పొరపాటున కూల్చేశాయి. 1943 జులైలో ముసోలినీని దించే తీర్మానానికి దె బోనో, దె వెక్కి ఇద్దరూ ఓటేశారు. దె బోనోను 1944 జనవరిలో వెరోనాలో కాల్చి చంపారు. దె వెక్కి తప్పించుకుని కొంతకాలానికి అర్జెంటీనా చేరాడు.

అపోహ: ముందు వైపు స్వచ్ఛమైన కళ, వెనక వైపు ప్రచారం. ముందు బాల్లా గొప్పవాడు, వెనక బాల్లా దిగజారినవాడు.

అన్నిటికంటే ఎక్కువ చలామణీలో ఉన్నది ఇదే. నాకు కోపం తెప్పించేదీ ఇదే, ఎందుకంటే చూడటానికి చాలా సౌకర్యంగా ఉంటుంది. ఒకవైపు మెచ్చుకుని, రెండో వైపు ముఖం తిప్పుకుంటే చాలు.

బాల్లా 1871లో తూరిన్‌లో పుట్టాడు. తర్వాత రోమ్‌లో స్థిరపడ్డాడు. మొదట్లో వేసినవి పేదవాళ్ల బొమ్మలు: మూతబడిన దుకాణం తలుపు, కట్టుబడి కూలీ రోజు, మతి చెదిరిన ఆడమనిషి. ఉంబెర్తో బొచ్చొని, జీనో సెవెరీని ఆయన దగ్గర నేర్చుకున్నారు. 1910లో ఆ శిష్యులతో కలిసి, యంత్రాలనూ వేగాన్నీ కొలిచే ఫ్యూచరిస్టు చిత్రకారుల ప్రకటన మీద సంతకం పెట్టాడు. 1912లో గొలుసుతో నడుస్తున్న కుక్కను డజన్ల కాళ్లతో వేశాడు. మరుసటి ఏడు కార్ల మీద పడ్డాడు. ఆ వరుసలోని బొమ్మల్లో ఒకటి ఇప్పుడు లండన్ టేట్‌లో ఉంది, ఇంకొకటి వెనిస్‌లోని పెగ్గీ గుగన్‌హైమ్ సంగ్రహంలో. తూరిన్‌ది అన్నిటికంటే పెద్దది.

అయితే ఆ వేగం దేని గురించి? ఫ్యూచరిజం తొలి ప్రకటన 1909 ఫిబ్రవరి 20న పారిస్ పత్రిక ‘ఫిగారో’లో వచ్చింది. పందెపు కారు గ్రీకు శిల్పం కంటే అందమైనదని పొగిడిన కవి మరినెత్తి, ఈ ఉద్యమాన్ని మొదలుపెట్టినవాడు, అదే పేజీలో యుద్ధాన్నీ దేశభక్తినీ ఆకాశానికెత్తాడు, మ్యూజియంలను కూల్చాలన్నాడు, ఆడవాళ్లను చులకన చేశాడు. వేగమూ యుద్ధమూ ఒకే ప్రకటనలో పుట్టాయి. బాల్లా కూడా 1914 సెప్టెంబరులో యుద్ధంలో దిగమని కోరే రంగురంగుల దుస్తుల గురించి ఒక ప్రకటన వెలువరించాడు. 1915లో రోమ్ వీధుల్లో యుద్ధం కావాలని ఊరేగింపులు జరిగినప్పుడు వాటిని వరసగా వేశాడు. జెండాల రంగులు, నినాదాల అలలు, ఉప్పొంగే ఆకారాలు. ఆ వరుసలోని ‘వివా లితాలియా (ఇటలీ వర్ధిల్లాలి) అనే కేక ఆకారాలు’ రోమ్‌లోని జాతీయ ఆధునిక కళాశాలలో చూడొచ్చు.

కాబట్టి రాజకీయ ఘటనను బాల్లా బొమ్మగా వేయడం 1931లో మొదలవలేదు. 1915లోనూ వేశాడు, అదీ జాతీయవాద ఆవేశంతోనే. తేడా భాషలో ఉంది. 1915లో జనం ఒక కేకగా, రంగుగా మారారు. 1931-33లో జనం వెనక్కి తగ్గి, ముందు నాయకుడి ముఖం వచ్చింది. ఇతన్ని ఎవరో కొనేశారు అనే కథ కంటే నాకు ఈ తేడాయే ఎక్కువ భయం కలిగిస్తుంది.

శైలి మార్పునూ రాజకీయానికే అంటగట్టకూడదు. 1929లో విమానదృశ్యాల చిత్రకళ గురించిన ఫ్యూచరిస్టు ప్రకటన మీద బాల్లా సంతకం ఉంది. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే మనుషులూ చెట్లూ నగర దృశ్యాలూ ఉన్నవి ఉన్నట్టు వేయడానికి తిరిగొచ్చాడు. 1937లో ఫ్యూచరిజంతో తనకిక సంబంధం లేదని ఒక పత్రికకు రాశాడు. ఆ ఏళ్లలో కూతుళ్ల బొమ్మలు, పూలు, కిటికీలోంచి కనబడే ఇళ్లు కూడా అదే వాస్తవిక పద్ధతిలో వేశాడు. అవన్నీ ఫాసిస్టు బొమ్మలని ఎవరూ అనరు.

మరి 1913 వైపు ‘ముందు’ ఎలా అయింది? రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్రపంచం ఇటలీ నుంచి ఏం కోరుకుందో దాని వల్ల. 1949లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఇరవయ్యో శతాబ్దపు ఇటాలియన్ కళ మీద పెద్ద ప్రదర్శన జరిగింది. ఫ్యూచరిస్టుల తొలి ఏళ్ల బొమ్మలకు అక్కడ పెద్దపీట వేశారు. 1950ల్లో అమూర్త చిత్రకారులు బాల్లాను తమ తాతగా కనుక్కున్నారు. ఆయన 1958లో చనిపోయేనాటికి అందరికీ కావలసిన బాల్లా 1912-15 నాటి బాల్లాయే. 1932లో ఎవరినైనా అడిగి ఉంటే ముందు వైపు ఏదో వేరే జవాబు వచ్చేదేమో.

అపోహ: ఫాసిస్టు పాలనలో ఒకే మూస ఉండేది. హిట్లర్ జర్మనీలో లాగే.

జర్మనీలో 1937లో ఆధునిక చిత్రాలను ‘క్షీణ కళ’ అని ఊరేగించి అవమానించారు. ఇటలీలో పరిస్థితి వేరు. పైన చెప్పిన 1932 ప్రదర్శనలోని గదులు యూరప్‌లో అప్పటికి వచ్చిన అత్యాధునిక రూపకల్పనల్లో నిలబడతాయి. చేసిన పని మాత్రం నిరంకుశత్వానికి సేవ. 1939లో ఒకేసారి రెండు బహుమతులు పోటీపడ్డాయి. క్రెమోనాలో ఫాసిస్టు నాయకుడు ఫరినాచ్చి పెట్టిన బహుమతి మొదటి ఏడాది ఇచ్చిన అంశాల్లో ఒకటి, ముసోలినీ ప్రసంగాన్ని రేడియోలో వింటున్న జనం. బెర్గమోలో మంత్రి బొత్తాయి ప్రోత్సహించిన బహుమతి చిత్రకారులకు చాలా స్వేచ్ఛ ఇచ్చింది. అక్కడ 1942లో కమ్యూనిస్టు అయిన రెనాతో గుత్తూజో ‘శిలువ’ చిత్రానికి రెండో బహుమతి వచ్చింది, చర్చి వాళ్లు గొడవ చేశారు కూడా.

దీన్ని పాలకుల ఉదారతగా లెక్కేయకండి. అన్ని శైలులనూ లోపలికి రానిచ్చి వాడుకోవడం కూడా ఒక పద్ధతే. బొమ్మ ఆధునికంగా ఉంది కాబట్టి వేసినవాడు వ్యతిరేకి, వాస్తవికంగా ఉంది కాబట్టి భజనపరుడు అనే లెక్క ఇటలీలో పనిచేయదు.

అపోహ: ఫొటో చూసి వేసిన బొమ్మ. అందులో కష్టమేముంది?

‘రోమ్‌పై కవాతు’ ఫొటో ఆధారంగా వేసిందే. అరచేతిలో పట్టే ఫొటోను మూడు మీటర్లకు పెంచినప్పుడు ఫొటోలో లేనివన్నీ చిత్రకారుడే నిర్ణయించాలి: అంచులు ఎక్కడ పదునుగా ఉండాలి, ఎవరి ముఖం మీద వెలుతురు పడాలి, వెనకాల గుంపులో ఎన్ని ముఖాలు మసకలో కలిసిపోవాలి. పైగా నల్లచొక్కాలు! వృత్తిలో ఉన్నవాడికి అదొక తలనొప్పి. ఎముకల బొగ్గుతో చేసే నలుపు నూనె ఎక్కువ తాగుతుంది, ఆరడానికి చాలా కాలం తీసుకుంటుంది. అది ఆరకముందే పైన త్వరగా ఆరే రంగు వేస్తే కొన్నాళ్లకు పైపొర బీటలు వారుతుంది. నల్ల దుస్తులు ఎక్కువగా ఉన్న పాత చిత్రాలు నా బల్ల మీదికి వస్తే నేను మొదట వెతికేది ఆ బీటలనే.

బొమ్మగా ఎలా ఉందంటారా? నా మట్టుకు మధ్యరకం. నడక కనబడుతుంది, కదలిక కనబడదు. కుక్క కాళ్లలో కదలికను పట్టుకున్న మనిషి ఇక్కడ అయిదుగురు మనుషుల్ని నిలబెట్టేశాడు.

అపోహ: కాన్వాస్ కొనే డబ్బు లేక, లేదా పాత బొమ్మను చూసి సిగ్గుపడి వెనక వేశాడు.

వెనక వైపు వాడుకోవడం చిత్రకారుల్లో పాత అలవాటు. వాన్ గో నెదర్లాండ్స్‌లోని నూయెనెన్‌లో వేసిన రైతుల బొమ్మల వెనకే పారిస్ వెళ్లాక తన ముఖాలు వేసుకున్నాడు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒకవైపు గడ్డి టోపీ పెట్టుకున్న వాన్ గో ఉంటాడు, తిప్పితే బంగాళాదుంపల తొక్క తీస్తున్న ఆడమనిషి ఉంటుంది. జర్మన్ చిత్రకారుడు కిర్క్‌నర్ కాన్వాసుల్లో రెండు వైపులా బొమ్మలున్నవి చాలా ఉన్నాయి. వెనక వైపు రంగు ఉందంటే ఆ గుడ్డ స్టూడియోలోనే ఉండిపోయిందనీ మళ్లీ చేతికందిందనీ తెలుస్తుంది. అంతకు మించి సిగ్గు, పశ్చాత్తాపం, పేదరికం వంటివి దాన్నిబట్టి ఊహించడం నవలలు రాసేవాళ్ల పని. బాల్లా పాత బొమ్మ మీద రంగు పూసి చెరిపేయలేదు. కావాలనుకుంటే చేయడం చాలా సులువు.

అపోహ: ఇంత టెక్నాలజీ వచ్చాక రెండు బొమ్మల్నీ విడదీసి రెండు గోడలకు తగిలించొచ్చు కదా!

ఈ ప్రశ్న అడగని తరగతి లేదు. జవాబు కొంచెం వివరంగా చెప్పాలి.

కాన్వాస్ అంటే నార దారంతోనో నూలుతోనో నేసిన గుడ్డ. దానికి ముందు జిగురు పూస్తారు, దారాల్లోకి నూనె దిగకుండా. సంప్రదాయంగా ఆ జిగురు జంతువుల తోలు, ఎముకల నుంచి తీసేది. దాని మీద తెల్లటి పూత, ఆపైన రంగు పొరలు, చివర వార్నిష్. వెనక వైపు సాధారణంగా వట్టి గుడ్డే. మా పనిలో సగం ఆ వట్టి గుడ్డ మీదే ఆధారపడి ఉంటుంది. పాత కాన్వాస్ బలహీనపడితే వెనక కొత్త గుడ్డ అంటిస్తాం, దాన్ని లైనింగ్ అంటారు. చిరిగితే వెనక నుంచి దారాలు కలుపుతాం. రంగు లేస్తే వెనక నుంచి జిగురు పంపుతాం. సాగితే వెనక నుంచి తేమ ఇచ్చి సరిచేస్తాం.

రెండు వైపులా బొమ్మ ఉంటే ఈ దారులన్నీ మూసుకుపోతాయి. లైనింగ్ వేస్తే ఒక బొమ్మ శాశ్వతంగా కప్పబడిపోతుంది. ఒకప్పుడు ఇలా చాలా బొమ్మలు కనబడకుండా పోయాయి. లైనింగ్ విప్పినప్పుడు వెనకాల ముఖాలు బయటపడ్డ సందర్భాలు మ్యూజియంల చరిత్రలో ఉన్నాయి. ఇప్పుడైతే అంచులకు మాత్రమే సన్నటి గుడ్డ పట్టీలు అంటించి, ఆ పట్టీలను చట్రానికి బిగిస్తాం. పెద్ద కాన్వాస్‌కు మామూలుగా చట్రం మధ్యలో అడ్డకర్రలు ఉంటాయి. ఇక్కడ అవి బొమ్మకు అడ్డం వస్తాయి. అడ్డకర్రలు లేకపోతే మూడు మీటర్ల గుడ్డ బరువుకు కిందికి సాగుతుంది, గదిలో మనుషులు నడిచినా తలుపు వేసినా కంపిస్తుంది. తేమ పెరిగితే గుడ్డ, జిగురు కదులుతాయి, కానీ రెండు వైపుల రంగు ఒకే తీరుగా కదలదు. పద్దెనిమిది నుంచి ఇరవై ఏళ్ల తేడాతో వేసిన పొరలు, నూనె ఆరిన తీరు వేరు, మందం వేరు. ఒక వైపు చేసే ప్రతి పనికీ రెండో వైపు లెక్క చెప్పాలి.

విడదీయడం అంటే రంగు పొరను గుడ్డ నుంచి ఊడదీసి వేరే గుడ్డకు ఎక్కించడం. ఫ్రాన్స్‌లో 18వ శతాబ్దం నుంచీ ఇలాంటి మార్పిడులు చేశారు. రాఫెయెల్ బొమ్మల్ని చెక్క మీది నుంచి కాన్వాస్ మీదికి ఎక్కించారు. చాలా వాటిలో ఉపరితలం పాడైంది. గుడ్డ నేత రంగులో ఇచ్చే గరుకుతనం పోతుంది, చిత్రకారుడి చేతి ఒత్తిడి గుర్తులు పోతాయి. వేరే ఏ దారీ లేకపోతే తప్ప ఇప్పుడు ఎవరూ దాని జోలికి పోరు. పైగా ఇక్కడ విడదీస్తే మనం నాశనం చేసేది ఒకే గుడ్డకు రెండు ముఖాలున్నాయన్న నిజాన్నే.

అపోహ: ఎక్స్‌రే తీస్తే రహస్యమంతా బయటపడుతుంది.

రెండు వైపులా బొమ్మ ఉన్న కాన్వాస్‌ను ఎక్స్‌రే తీస్తే రెండూ ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగంగా వస్తాయి. సీసపు తెలుపు ఎక్కడుంటే అక్కడ కిరణాలు ఆగిపోతాయి. అది ఏ వైపు తెలుపో ఫిల్మ్ చెప్పదు. పరారుణ కిరణాలతో కింది గీతలు చూడొచ్చు, పక్క నుంచి వెలుతురు వేస్తే రంగు దిబ్బలు చూడొచ్చు. అన్నిటికంటే ముందు రెండు కళ్లు, ఒక భూతద్దం, బోలెడంత ఓపిక.

అపోహ: సంరక్షకుడికి రాజకీయంతో పనేంటి? మొదట ఎలా ఉందో అలా చేసేస్తే సరి.

రోమ్‌లోని సపియెన్‌జా విశ్వవిద్యాలయం పెద్ద హాల్లో 1935లో సిరోని ఒక భారీ కుడ్యచిత్రం వేశాడు: కళలూ శాస్త్రాల మధ్య నిలబడిన ఇటలీ. పాలన కూలాక అందులోని ఫాసిస్టు గుర్తులు అందరికీ ఇబ్బందయ్యాయి. 1950లో వాటిని తీసేసి, మిగతాదాన్ని కూడా మెత్తబరిచి మళ్లీ రంగేశారు. దశాబ్దాల పాటు అక్కడి విద్యార్థులు చూసింది సిరోనిని కాదు, సవరించిన సిరోనిని. 2017లో ముగిసిన పనిలో ఆ పైరంగును తొలగించారు, గుర్తులు మళ్లీ కనబడ్డాయి.

ఇప్పుడు చెప్పండి, ‘మొదట ఎలా ఉందో’ అంటే ఏది? 1935 గోడా? 1950 పూత కూడా చరిత్రే. ఒక దేశం తన గతాన్ని ఎలా దాచుకుందో చెప్పే సాక్ష్యమది. దాన్ని తీసేసినప్పుడు ఆ సాక్ష్యం పోయింది, ఫొటోల్లో మిగిలింది. నేనైతే తీసేయడాన్నే సమర్థిస్తాను. సిరోని పని తీవ్రత తెలియకుండా సిరోని తప్పును అంచనా వేయలేం. కానీ ఇది సాంకేతిక నిర్ణయం మాత్రమేనని ఎవరైనా అంటే నవ్వొస్తుంది.

ఉత్తర ఇటలీలోని బొల్జానోలో ఇంకో దారి ఎంచుకున్నారు. ప్రభుత్వ ఆర్థిక కార్యాలయాల భవనం ముందు హాన్స్ పిఫ్రాదెర్ చెక్కిన పొడవాటి శిల్పఫలకం ఉంది, మధ్యలో గుర్రం మీద ముసోలినీ. దాన్ని కూల్చలేదు, కప్పలేదు. 2017లో దాని మీద వెలుగుతో ఒక వాక్యం అమర్చారు, తత్వవేత్త హన్నా ఆరెంట్‌ది: విధేయత చూపే హక్కు ఎవరికీ లేదు. జర్మన్, ఇటాలియన్, లదిన్ మూడు భాషల్లోనూ. శిల్పం అలాగే ఉంది, రాయిని ఎవరూ తాకలేదు, రేపు లైట్లు తీసేసినా దానికేమీ కాదు. మా వృత్తిలో ‘వెనక్కి తీసుకోగల పని’ అనే నియమం ఒకటుంది. దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

బాల్లా మీద ఆసక్తి కలిగినవాళ్లు తూరిన్‌తో ఆగకండి. రోమ్‌లో వియా ఓస్లావియాలో ఆయన 1929 నుంచి ఉన్న ఇల్లుంది. కూతుళ్లు లూచె, ఎలీకా కూడా అక్కడే జీవించారు. గోడలు, తలుపులు, కుర్చీలు, పళ్లేలు, బట్టలు అన్నీ ఆ కుటుంబం చేతిపనే. మాక్సి మ్యూజియం 2021లో ఆ ఇంటిని సందర్శకులకు తెరిచింది. ‘రోమ్‌పై కవాతు’ వేసిన ఏళ్లలో బాల్లా ఉన్నది ఆ రంగుల గదుల్లోనే.